లేదని రాసివ్వండి

పని కోసం తిరిగేవాళ్ళందరూ ఉందనిపించుకోవడానికి తిరుగుతారు. నేను చాలా నెలలుగా లేదనిపించుకోవడానికి తిరుగుతున్నాను. ఎవరికైనా చెబితే నవ్వుతారు. మొదట్లో నాకూ నవ్వొచ్చేది, ఇప్పుడు రావడం లేదు.

ఇబ్రహీంపట్నం దగ్గర సిమెంటు సంచులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళకు పైగా చేశాను. సంచిని వెలుతురుకు పట్టి చూసి, నేత జారి ఉంటే పక్కన పడేసి, బాగున్నవాటిని మడిచి కట్టలు కట్టడం నా పని. ఒక సోమవారం మేం వెళ్ళేసరికి గేటుకు తాళం, తాళం పక్కన కాగితం ఉన్నాయి. నష్టాలు మోయలేకపోతున్నామని రాశారు. మాలో చదువు రానివాళ్ళు ఎవరూ లేకపోయినా ఆ కాగితాన్ని ఒకరికొకరం పైకి చదివి వినిపించుకున్నాం. తర్వాత ఎవరి టిఫిన్ డబ్బా వాళ్ళు పట్టుకుని ఇళ్ళకు వచ్చేశాం.

నిజం చెప్పాలంటే జీతం పోయినందుకు నేను ఏడవలేదు. కార్డు పోతుందని ఏడ్చాను. ఇంట్లో ఉండేది మేమిద్దరమే, నేనూ మా ఆయనా. ఆయన ఆటో నడిపేవాడు. రక్తంలో కేన్సర్ ఉందని తేలాక ఆటో అమ్మేశాం. కేన్సర్ అనగానే జుట్టు ఊడి మంచాన పడ్డ మనిషిని ఊహించుకుంటారు గానీ ఈయన అలా లేడు. రోజూ ఒక మాత్ర వేసుకుంటే మామూలుగా తిరుగుతాడు, పప్పులో ఉప్పు ఎక్కువైందని వంకలు పెడతాడు. మాత్ర మానేస్తే మాత్రం జబ్బు మళ్ళీ లేస్తుందని డాక్టరు నా కళ్ళలోకి చూసి చెప్పారు. బజార్లో కొనడం మావల్ల అయ్యే పని కాదు. నా జీతంలోంచి కోసే బీమా కార్డు మీద ఆస్పత్రిలో ఊరికే ఇచ్చేవారు. ఇంకే పథకంలోనైనా వస్తుందేమోనని తిరిగి, మాకు ఏదీ వర్తించదని అప్పటికే తెలుసుకుని ఉన్నాం.

మూతపడ్డ ఫ్యాక్టరీలవాళ్ళకు కొంతకాలం నిరుద్యోగ భృతి ఇస్తారనీ, భృతి వస్తున్నన్నాళ్ళూ వైద్యం కార్డు కూడా నడుస్తుందనీ నాతో పనిచేసినావిడ చెప్పింది. మర్నాడే బీమా ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి గుమాస్తా నెమ్మదైన మనిషి.

"పని దొరికితే భృతి ఆగిపోద్దమ్మా. దొరక్కపోతే వస్తది. కాకపోతే మీరు వెతుకుతున్నట్టు మాకు తెలియాలి గదా. అడిగిన చోటల్లా ఖాళీలు లేవని రాయించుకుని, స్టాంపు వేయించుకుని నెలనెలా తెచ్చి చూపించండి. జాబ్ మేళాలు పెడుతుంటారు, వాటికీ వెళ్ళండి" అన్నారు.

"ఏదన్నా చిన్న కొట్లో పని దొరికితేనండీ?"

"ఏ పనైనా పనే గదమ్మా."

"ఆ కొట్టోళ్ళు బీమా కట్టకపోతే?"

ఆయన కంప్యూటర్ మీంచి తల తిప్పి నన్ను చూశారు. "అప్పుడిక కార్డు ఉండదమ్మా" అన్నారు.

నాకు అర్థమైంది. బీమా ఉండే పెద్ద పనైనా దొరకాలి, లేదా అసలు ఏ పనీ దొరక్కూడదు. ఈ రెంటికీ మధ్య దొరికే పని ఏదైనా సరే మా ఆయన మాత్ర మీదికి వస్తుంది. నా వయసు ఆడవాళ్ళకు ఈ ఊళ్ళో దొరికేవన్నీ ఆ మధ్య పనులే.

మొట్టమొదట వన్ టౌన్‌లో ఒక చీరల కొట్టుకు వెళ్ళాను. తలుపులు అప్పుడే తీసి, సాంబ్రాణి పొగ వేస్తున్నారు. యజమాని మంగళగిరి వైపు నేతవాళ్ళ కుటుంబంవారు, తెల్ల చొక్కా, నుదుట బొట్టు. ఎదురుగా నిలబడి, ఫ్యాక్టరీ సూపర్‌వైజర్‌తో మాట్లాడినట్టు గట్టిగా అడిగాను. "పని ఏమన్నా ఉందాండీ? లేకపోతే లేదని ఈ కాగితం మీద రాసివ్వండి."

ఆయన మొహం పాలిపోయింది. "అమ్మా, అమ్మా, ఆగండి! ఇంకా బోణీ కూడా కాలేదమ్మా. పొద్దున్నే నాచేత ఆ మాట అనిపిస్తారా? మీకు దణ్ణం పెడతాను, మధ్యాహ్నం రండి."

కొట్లో పనివాళ్ళు నన్ను చూసిన చూపుకి చచ్చిపోయాననుకోండి. బోణీ సంగతి నాకు తెలియక కాదు. మా అమ్మ గంపతో చేపలు అమ్మింది, మొదటి బేరం బెడిసికొడితే ఆ పూటంతా మాతో మాట్లాడేది కాదు. ఫ్యాక్టరీ గేటు లోపల ఇన్నేళ్ళు ఉండేసరికి బయట కొట్లు ఎలా నడుస్తాయో మర్చిపోయాను. ఆ కొట్టుకు మళ్ళీ వెళ్ళడానికి చాలా నెలలు మొహం చెల్లలేదు.

ఆ తర్వాత నేర్చుకున్నాను. పొద్దున పూట ఎవరూ లేదనరు. దీపాలు పెట్టే వేళా అనరు. భోజనాలై, బేరాలు మందగించినప్పుడు, ఫ్యాను కింద కాస్త కునుకు పట్టబోయే వేళ చూసుకుని వెళితే స్టాంపు పడుతుంది. ఒక పచారీ కొట్టు పెద్దాయన అప్పుడు కూడా లేదని రాయడానికి ఇష్టపడక, 'మనుషులు నిండుగా ఉన్నారు' అని రాసిచ్చారు. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అనే ఇళ్ళల్లో పెరిగినవాళ్ళం, ఆయన్ని తప్పు పట్టలేను. బీమా ఆఫీసు గుమాస్తా అది చదివి నవ్వుకుని తీసుకున్నారు.

పామర్రులో ఒక కాలేజీలో జాబ్ మేళా పెడితే వెళ్ళాను. ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్ల వెనక బస్సు చాలాసేపు ఆగిపోయింది. ఆలస్యమై పేరు పిలిచేస్తారేమోనని కంగారుపడి, దిగగానే పరుగులాంటి నడక నడిచాను. అక్కడంతా ఫైళ్ళు గుండెలకు హత్తుకున్న పిల్లలు. ఒక కంపెనీ బల్ల వెనక ఉన్న అమ్మాయి చాలా మర్యాదగా, "ఆంటీ, పేరెంట్స్ బయట వెయిట్ చేయాలండీ" అంది.

"నేనే క్యాండిడేట్‌నమ్మా" అన్నాను.

పాపం, ఆ పిల్ల లేచి నిలబడి సారీ చెప్పింది. నాకు కోపం రావాలి, రాలేదు. ఆ కంపెనీలో బీమా ఉంటుంది. దొరికితే మా కష్టం తీరేది. వయసు దాటిపోయిందని రాసి స్టాంపు వేసిచ్చింది. చెట్టు కింద కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తిని బస్సెక్కాను.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు నన్ను లేపి నిలబెట్టి, మన సహోదరికి త్వరలో ఏదో ఒక ఉద్యోగం దొరికేలా అందరూ ప్రార్థన చేయండి అన్నారు. అందరూ కళ్ళు మూసుకుని, గొంతెత్తి, మనసారా చేశారు. 'ఏదో ఒక' ఉద్యోగం వద్దని పైకి చెప్పలేక, బీమా ఉన్నదే ఇవ్వు ప్రభువా అని లోపల సవరించుకుంటూ నిలబడ్డాను. మా ఆయన నా చెవి దగ్గరికి వంగి, "ఆమెన్ కాస్త మెల్లగా అను, పైనున్నాయనకి వినపడితే కష్టం" అన్నాడు. నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను. వెనక వరసలోవాళ్ళు నేను ఏడుస్తున్నాననుకుని ఇంకా గట్టిగా ప్రార్థించారు.

అంత సరదాగా ఉండే మనిషి చేసిన పని ఆ వారంలోనే బయటపడింది. ఆయన ఖాకీ చొక్కా ఉతుకుదామని జేబులు చూస్తే మాత్రల పట్టీలు దొరికాయి. అన్నీ సగం సగం వాడినవి. నాకు కాసేపు ఏమీ బోధపడలేదు. పంపు దగ్గరే నిలబడి పిలిచి అడిగాను. ఆయన నేల చూపులు చూస్తూ చెప్పాడు.

"రోజు విడిచి రోజు వేసుకుంటన్నా. నీకు ఎక్కడన్నా పని దొరికితే నాకోసం వద్దనకుండా చేరతావని. కార్డు పోయినా ఇయ్యి కొన్నాళ్ళొస్తయ్ గదా."

"నన్ను విధవను చెయ్యడానికా ఈ పొదుపు?" అని అరిచాను. పక్కింటావిడ తలుపు తీసి చూసి మళ్ళీ వేసేసింది. "మీకు పుణ్యముంటుంది, నాకోసం చావొద్దు. నాకోసం బతకండి" అన్నాను. అని, అక్కడే కూలబడి, సబ్బు చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చాను. ఆయన వచ్చి నా పక్కన తడి నేల మీదే కూర్చున్నాడు. ఇంకెప్పుడూ చెయ్యనని నా తల మీద చెయ్యి వేసి చెప్పాడు. నేను నమ్మలేదు. నాకు పని దొరికిందని తెలిస్తే ఈ మనిషి నన్ను బలవంతంగా అందులోకి తోసేసి, తను మాత్ర లేకుండా బతికేస్తానంటాడని నాకు తెలుసు. ఆ రోజు నుంచి రాత్రి అన్నం దగ్గర మాత్ర నేనే విప్పి చేతిలో పెడుతున్నాను.

తర్వాతి నెల స్టాంపులు చాల్లేదు. వన్ టౌన్‌లో అడగని కొట్టంటూ దాదాపు మిగల్లేదు. మొహం చెల్లకపోయినా మొదటి రోజు వెళ్ళిన చీరల కొట్టుకే వెళ్ళాలనుకున్నాను. పొద్దున మా ఆయనతో చెప్పి మరీ బయల్దేరాను. మధ్యాహ్నం వేళే వెళ్ళాను గానీ, ఎవరిదో పెళ్ళి బేరం నడుస్తోంది. పది మంది ఆడవాళ్ళు పరుపు మీద కూర్చుని చీరలన్నీ విప్పించి పోశారు. నన్ను చూసి యజమాని కూర్చోమని సైగ చేశారు. కూర్చున్నాను. ఎదురుగా అన్ని చీరలు చిందరవందరగా పడి ఉంటే నా చేతులు ఊరుకోవు కదా. ఒకటి అందుకుని మడిచాను. ఇంకొకటి మడిచాను. గంజి వాసన, అంచు అంచుకు కలిసినప్పుడు చేతికి తెలిసే ఆ తృప్తి. ఫ్యాక్టరీ మూసేశాక అంత ప్రశాంతంగా నేను ఎక్కడా కూర్చోలేదు. పెళ్ళివాళ్ళు వెళ్ళేసరికి పరుపు మీద చీరలన్నీ దొంతర్లయ్యాయి.

"మీరు ఆ రోజు బోణీ వేళ వచ్చినావిడ కదూ?" అన్నారాయన నవ్వుతూ. "సోమవారం నుంచి వచ్చేయండమ్మా. మా పాత మనిషి మానేసింది. కూర్చుని చేసే పనే."

నాతో ఆ మాట అన్న మొదటి మనిషి ఆయనే. వస్తానండీ అని నోటిదాకా వచ్చింది. ఎంత కావాలనిపించిందో చెప్పలేను. నాకు అడుక్కుని స్టాంపులు వేయించుకునే బతుకు వద్దు, నాకు పని కావాలి.

"బీమా కార్డు ఇస్తారాండీ?" అని అడిగాను.

"మా కొట్లో నాతో కలిపి నలుగురమమ్మా. కనీసం పది మంది ఉంటేగానీ ఆ బీమా మాకు రాదు" అన్నారు. అప్పుడు మా ఆయన సంగతంతా చెప్పాను. "పోనీ జీతం కాస్త ఎక్కువ చేసిస్తే కొనుక్కోగలరా?" అన్నారు. మాత్ర ఖరీదు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అయితే లేదని రాసివ్వండి" అన్నాను.

"ఉన్న పనిని లేదని ఎలా రాయనమ్మా? వేరే ఏ సాయమైనా అడగండి. నా చేత్తో ఆ మాట మాత్రం రాయించకండి" అన్నారు. నేను దణ్ణం పెట్టి మెట్లు దిగాను. రెండు కొట్ల అవతల ప్లాస్టిక్ బకెట్లు అమ్మేవాణ్ణి అడిగితే, ఫోనులోంచి తలెత్తకుండానే స్టాంపు గుద్ది ఇచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన అన్నం వండి, వంకాయ కూర చేసి పెట్టాడు. కంచాల ముందు కూర్చున్నాక రోజూ అడిగే మాటే అడిగాడు.

"ఏమన్నారు చీరల కొట్లో?"

"లేదన్నారు."

ఎప్పుడూ పోనీలే అనేవాడు. ఆ రోజు ముద్ద కంచంలోనే వదిలేశాడు. "మడతలు పెట్టే పనిక్కూడానా? నీకంటే పనిమంతురాలు దొరుకుద్దా ఆడికి? పొద్దున్నే వచ్చావని ఆ రోజంత రభస చేశాడు, ఈ రోజు లేదన్నాడా? కొట్టు పెట్టుకుని కూచోగానే సరా, మనిషిని చూసి పోల్చుకునే కళ్ళుండక్కర్లా?" అన్నాడు. నన్ను కాదన్నందుకు ఆయనకంత కోపం రావడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఉండవండీ, అలాంటోళ్ళకి ఉండవు" అన్నాను. మాత్ర విప్పి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని నోట్లో వేసుకుని గ్లాసెత్తాడు. అది గొంతు దిగేదాకా నేనూ ఆ కొట్టాయన్ని తిడుతూనే ఉన్నాను.