గోరంత రాగి

సరిహద్దు సైనిక పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం మూడు. మంచు, గాలి, ఒక బంకరు. నా కిట్‌లో మీటరు, బ్లేడు, అరచేతంత ఆకుపచ్చ బోర్డు. దాని మీద అచ్చేసిన రాగి గీతలే యాంటెన్నా. డిజైన్ నాదే. ఒకే బోర్డుకు రెండు బ్యాండ్లు. ఒకటి గస్తీవాళ్ల రేడియోకి, రెండోది లోయలోని టవర్ అందుకుని ఇంటికి ఫోన్ చేసుకోవడానికి. సెట్‌కూ యాంటెన్నాకూ పొత్తు కుదరాలి. దాన్నే ఇంపీడెన్స్ మ్యాచింగ్ అంటాం. కుదరకపోతే సిగ్నల్ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతుంది.

రేడియో బాగానే పలికింది. ఫోన్‌లో మాత్రం గరగర. మా వంటవాడిది అల్మాస్‌గూడ. భార్యను కాన్పుకని ఎల్బీనగర్‌లో చేర్చారు. రొట్టెలు వదిలేసి నా వెనకే తిరిగాడు.

"అన్నా, జర ఏమన్న చెయ్యరాదే. దవాఖానల ఆమె ఎట్లున్నదో ఏమో, మస్తు పరేషాన్ అయితున్న."

మాది ఆ పక్కనే, దిల్‌సుఖ్‌నగర్. పక్కింటివాడు అడిగినట్టే అనిపించింది. మర్నాడు గస్తీ బయల్దేరాక బోర్డు దింపాను. ఆ పొత్తు కుదిర్చే మ్యాచింగ్ పట్టీ చివర బ్లేడుతో గోరంత రాగి చెక్కేశాను. ఫోన్ బ్యాండ్ కుదిరింది. రేడియో బ్యాండ్‌లో పొత్తు చెడి మీటరు ముల్లు ఎర్ర గీత దాటింది. చూశాను. కొత్త పట్టీ అతికిస్తే సరిపోయేది. ఒక్క ఫోన్ వచ్చాక చూద్దాంలే అనుకున్నాను.

"రెండూ ఠీకేనా?" అని సుబేదార్ సాబ్ అడిగారు.

"ఠీక్ హై సాబ్."

సాయంత్రం నాలుగింటికి ఫోన్ మోగింది. బంకరంతా పసిబిడ్డ ఏడుపు.

"ఆడపిల్లనే అన్నా!" వంటవాడు నన్నెత్తి గిరగిరా తిప్పాడు. హల్వా చేశాడు, తిన్నాం. పక్కన రేడియో చప్పుడు లేకుండా ఉంది. గస్తీ క్షేమమే అనుకున్నాం.

ఐదింటి రిపోర్టు రాలేదు. వెతకడానికి దిగాం. మంచు తెరలో దారి తప్పి ముగ్గురూ ఒక బండ చాటున ముడుచుకుని ఉన్నారు. ముందు నడిచే స్కౌట్ మరాఠీ కుర్రాడు. మీట నొక్కడానికి గ్లోవ్ విప్పి, మూడున్నర నుంచీ పిలుస్తూనే ఉన్నాడట. కుడిచెయ్యి కట్టెలా బిగుసుకుపోయింది.

"వినిపించలేదా ఉస్తాద్?" హిందీలో అడిగాడు.

"చలికి నీ బ్యాటరీ పడిపోయి ఉంటుంది." నోటికి అదే వచ్చింది.

ఆ చేతి వేళ్లు తీసేశారు.

అక్కడి డ్యూటీ టూర్ ముగించుకుని ఇంటికొచ్చాను. అల్మాస్‌గూడలో పాప మొదటి పుట్టినరోజుకు పిలిస్తే వెళ్లాను. వంటవాడు పాపను నా ఒళ్లో కూర్చోబెట్టాడు. "గీ మామనే బిడ్డా, నువ్వు పుట్టినప్పటి ఏడుపు నాకు ఇనిపిచ్చినోడు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా మీద నాకే అసహ్యం వేసింది. స్కౌట్‌కు నిజం ఇంకా చెప్పలేదు.

గస్తీని వెతికి తెచ్చిన ఆ సాయంత్రం స్ట్రెచర్ మీద అతనే నాకు క్షమాపణ చెప్పాడు. "బ్యాటరీలు మార్చి మార్చి పెట్టాను ఉస్తాద్. రెండోదాన్ని చల్లబడనివ్వలేదు, చూడండి." కోటు విప్పబోయాడు, చెయ్యి సాగలేదు. గుండీ నేనే తీశాను. లోపలి జేబులో, గుండెకు ఆనుకుని, బ్యాటరీ. ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది.