సెయిలింగ్ క్లబ్‌లో సాంబ్రాణి

జెద్దాలో నర్సుగా పనిచేసే మా అక్క దగ్గరికి వెళ్లినప్పుడు, వాళ్ల ఆసుపత్రి డాక్టరమ్మ, సౌదీ ఆవిడ, మమ్మల్నిద్దరినీ సెయిలింగ్ క్లబ్‌లో విందుకు పిలిచింది. ముందు పడవ ఎక్కించారు. దిగాక కూడా నాకు నేల ఊగుతూనే ఉంది. ఆడవాళ్ల హాల్లో ఖర్జూరాలు, కాఫీ, మాంసం, మిఠాయిలు వస్తూనే ఉన్నాయి. ఆ తివాచీ మీద ఎక్కడ వాంతి చేసుకుంటానోనని నా భయం.

“వెళ్దామక్కా,” అన్నాను.

“మధ్యలో లేస్తే మేడమ్ నొచ్చుకుంటారే. కాస్త ఓర్చుకో.”

అంతలో డాక్టరమ్మ తల్లి పొగలు కక్కే ధూపపాత్ర పట్టుకొచ్చింది. నా ప్రాణం ఉసూరుమంది. మన దగ్గర సాంబ్రాణి వేశారంటే పూజ అప్పుడే మొదలవుతున్నట్టు కదా! పెద్దావిడ నా జడ పైకెత్తి పొగ పట్టి, అరబీలో ఏదో అంటూ బుగ్గ నిమిరింది.

“ఇంకేం మొదలెడతారక్కా?”

అక్క నవ్వేసింది. “పిచ్చిమొహమా, మొదలెట్టడం కాదే! ఇక్కడ ధూపం పట్టారంటే ఇక బయల్దేరొచ్చని. మళ్లీ రమ్మంటున్నారు.”

చూస్తే అందరూ అప్పటికే బయటికెళ్లేటప్పుడు పైన వేసుకునే నల్ల అబాయాలు తొడుక్కుంటున్నారు. గేటు దాటి గాలి తగిలాక హమ్మయ్య అనుకున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో చుట్టాలు ఎంతకీ లేవకపోతే నేనూ సాంబ్రాణి వేస్తున్నాను. పూజ ఉందనుకుని వాళ్లు ఇంకాస్త సర్దుకుని కూర్చుంటున్నారు.