కారు చూడటానికి వచ్చిన సర్వేయరు

ఆ రోజుల్లో, అంటే నాకు పెళ్ళయి నాలుగు నెలలు కూడా నిండని రోజుల్లో, 'నాకు తెలియదు' అనే మాట నా నోటికి అలవాటే లేదు. రాజమండ్రిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్సు చెప్పేవాణ్ణి. ఎవడైనా నాకు రాని ప్రశ్న అడిగితే 'మంచి ప్రశ్న, రేపు గుర్తు చెయ్యి' అని తప్పించుకునేవాణ్ణి. అత్తవారింట్లోనూ అదే ధోరణి. మండపేట దగ్గర పల్లెలో వ్యవసాయం చేసే మా మామగారు నన్ను అల్లుణ్ణిగా కాక, తనిఖీకి వచ్చిన కలెక్టరుగా చూసేవారు. "అల్లుడుగారూ, ఫ్యాను పెంచమంటారాండి?" "అల్లుడుగారూ, మజ్జిగ పుచ్చుకుంటారాండి?" నేను వసారాలోకి వస్తే ఆయన లేచి నిలబడేవారు. ఆయన నిలబడ్డారని నేనూ కూర్చునేవాణ్ణి కాదు. ఇద్దరం చెరో స్తంభం పట్టుకుని నిలబడి వర్షాల గురించి మాట్లాడుకునేవాళ్ళం. (లోపల్నుంచి మా ఆవిడ నవ్వు వినబడేది.) ఆ గౌరవం నాకు ఇబ్బందిగానే ఉండేది, అయినా అది ఎక్కడ జారిపోతుందోనని హడలిపోయేవాణ్ణి.

వర్షాల తర్వాత వచ్చే రెండో విషయం తూర్పు గట్టు. పక్క పొలం రైతు, ఊళ్ళో అందరూ మీసాలాయన అనే పెద్దమనిషి, ఏటా పార వేసి గట్టును కాస్త కాస్త చెక్కేస్తూ మా మామగారి పొలంలోకి జరిగిపోతున్నాడు. కొలిపించమని మామగారు మండలాఫీసులో ఎన్నిసార్లు అర్జీ పెట్టినా సర్వేయరు రాలేదు. ఆయన అది చెప్పినప్పుడల్లా నేను గంభీరంగా తలాడించి, "చూద్దాం లెండి" అనేవాణ్ణి. ఏం చూస్తానో నాకే తెలియదు.

ఇంతలో మామగారు తెల్లటి కారు కొన్నారు. "అల్లుడుగారికి డ్రైవింగు వచ్చుకదండీ?" అన్నారు. ఎప్పుడో స్నేహితుడి జీపు కాలేజీ గ్రౌండులో రెండు చుట్లు తిప్పిన అనుభవంతో, "ఎందుకు రాదండీ" అనేశాను. లైసెన్సు? నేర్చుకునేవాళ్ళకిచ్చే ఎల్లెల్లార్ ఒకటి ఉండేది, దానికి గడువు తీరిపోయి ఏడాది దాటింది. మర్నాడు మా ఆవిడతో కోరుకొండ వెళ్ళి నరసింహస్వామికి దణ్ణం పెట్టుకుని కారులో తిరిగి వస్తుండగా, రోడ్డు పక్కన ట్రాక్టరు కనిపించింది. "ఏవండీ, అది ఆగుందండీ" అంది మా ఆవిడ. "చూశాన్లే" అన్నాను. "ఆగే ఉందండీ!" అంది మళ్ళీ. వెళ్ళి గుద్దాను. వేగం, త్వరణం, జడత్వం అన్నీ పిల్లలకు బోర్డు మీద వేసి చూపించినవాణ్ణి, బ్రేకు బదులు క్లచ్చి తొక్కాను. ముందు బంపరు వంగింది, బానెట్టు డేరాలా పైకి లేచింది. పక్క బడ్డీలో టీ తాగుతున్న ట్రాక్టరు డ్రైవరు గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చి, "అయ్యో, మీకేం కాలేదు కదండీ? నేను కాస్త పక్కకి పెట్టుండాల్సిందండీ" అని నొచ్చుకున్నాడు. మామగారు కూడా అంతే. "కారుదేముందండి అల్లుడుగారూ, మీరు క్షేమం, అంతే చాలు" అన్నారు. అని, కారు వైపు చూడకుండా పెరట్లోకి వెళ్ళి చాలాసేపు కాళ్ళు కడుక్కున్నారు.

ఆ కడుక్కోవడం చూడలేక, "ఇన్సూరెన్సు ఉంది కదండీ, అంతా నేను చూసుకుంటాను" అని బరువు నెత్తినెత్తుకున్నాను. రాజమండ్రి ఆఫీసులో క్లెయిము ఫారం నింపాను. లైసెన్సు నంబరు రాయాల్సిన గడి దగ్గర పెన్ను ఆగింది. 'వాళ్ళు చూడరులే' అని ఖాళీగా వదిలేశాను. (ఇలా ఖాళీ వదిలేసే పిల్లల పేపర్లు దిద్దుతూనే బతుకుతున్నాను నేను.) గురువారం సర్వేయరు వస్తాడన్నారు. వెంటనే మామగారికి ఫోను చేశాను.

"గురువారం సర్వేయరు వస్తున్నాడండి. ఉన్నది ఉన్నట్టు ఉంచండి, ఏదీ కదపకండి."

"సర్వేయరే! మీరు చెబితే వస్తున్నాడాండి?" అన్నారు మామగారు.

"ఒక్క కాగితం రాశానండి, అంతే."

"ఎంతటివారండీ మీరు!"

క్లెయిముకే ఇంత సంబరమా అని కాస్త అనుమానమొచ్చింది కానీ, పొగడ్త కదా, ఊరుకున్నాను.

గురువారం సర్వేయరుగారి స్కూటరు వెనక కూర్చుని ఊళ్ళోకి వెళ్ళేసరికి అరుగు మీద పదిమంది ఉన్నారు. వాకిట్లో కారు తళతళలాడుతోంది. కొత్త బంపరు, కొత్త బానెట్టు, మెడలో బంతిపూల దండ! సర్వేయరుగారికి చూపించడానికి ఒక్క సొట్టయినా మిగల్లేదు.

"దయచేయండి సర్వేయరుగారూ! పెసరట్టు ఉప్మా సిద్ధంగా ఉంది. ఫలహారం కాగానే కారులో గట్టు దగ్గరికి వెళ్దాం" అన్నారు మామగారు.

సర్వేయరుగారు ఫైలు తిరగేశారు. "గట్టా? ట్రాక్టరుని గుద్దారని రాశారే?"

"గుద్దడం కాదండి, ఆక్రమించుకున్నాడు."

"కారునా?"

ఈలోగా అరుగు మీంచి మీసాలాయన లేచి వచ్చాడు. "బావగారూ, సర్వేయరు వస్తున్నాడని తెలిసి నిన్ననే మనుషుల్ని పెట్టి గట్టు మునుపటి చోట వేయించేశానండి. ఇంక కొలతలెందుకు, ఊళ్ళో పరువు పోద్ది" అన్నాడు. మామగారు నా వైపు చూసిన చూపు నేను జన్మలో మర్చిపోను. అప్పుడు సర్వేయరుగారు గొంతు సవరించుకుని, "నేను కార్లు చూసే సర్వేయర్నండి, పొలాలు కొలవను" అన్నారు.

కార్లకు కూడా సర్వేయర్లుంటారని ఆ అరుగు మీద ఎవరికీ తెలియదు. మామగారు మెల్లగా, "అలాగా అండి... మిమ్మల్ని పొలానికి నడిపించడం బాగోదని కారు బాగు చేయించానండి" అన్నారు. "మరి పాత సామాన్లేవండి?" అంటే అందర్నీ పశువుల పాక దగ్గరికి తీసుకెళ్ళారు. బానెట్టు కుడితి గోలేనికి మూతగా ఉంది. బంపరు దూడ బయటికి పోకుండా గుమ్మానికి అడ్డంగా కట్టి ఉంది. సర్వేయరుగారు వాటికి ఫొటోలు తీస్తుంటే గేదె ప్రతి ఫొటోలోనూ తల దూర్చింది. అయినా ఆయన మంచివాడు. "సరే, పాతవి ఉన్నాయి కాబట్టి రాసుకుంటాను. నడిపిందెవరండి? లైసెన్సు గడి ఖాళీగా ఉందేంటి?" అన్నారు.

"మా అల్లుడుగారేనండి. రాయడం మర్చిపోయుంటారు. ఆయన దగ్గర అన్నీ పద్ధతిగా ఉంటాయండి" అన్నారు మామగారు గర్వంగా. అని నా మొహం చూశారు. చూడగానే అర్థమైపోయింది ఆయనకు. "కాదండి... నేనే నడిపానని రాసుకోండి. నాకుంది లైసెన్సు" అన్నారు. అబద్ధం అలవాటు లేని మనిషి, చెవులు ఎర్రబడిపోయాయి. నా పరువు కోసం ఆయన తల దించుకుని నిలబడితే నాకు ఏడుపొచ్చింది.

"కాదండి, నేనే నడిపాను. లైసెన్సు లేదు. అసలు నాకు డ్రైవింగు రాదు" అన్నాను.

సర్వేయరుగారు ఫైలు మూసేశారు. క్లెయిము అక్కడితో సరి. మామగారు నన్ను పైనుంచి కింద దాకా చూసి, "ఒరేయ్!" అన్నారు. "రానివాడివి, మా పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని కోరుకొండ దాకా ఎలా వెళ్ళావురా?"

"అదేంటండీ, అల్లుడుగార్ని పట్టుకుని!" అని అత్తగారు నోరు నొక్కుకున్నారు. ఆయన కూడా తన నోటివెంట వచ్చిన మాటకు తనే బిత్తరపోయారు. గోలెం మీద బానెట్టు చూశారు, నన్ను చూశారు, పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో నేను మనస్ఫూర్తిగా నవ్వింది అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున్నే కళ్ళంలో డ్రైవింగు మొదలు. ఎడమ పక్క సీట్లో ఆయన. "ఒరేయ్, క్లచ్చి! అది బ్రేకురా, మొద్దబ్బాయ్!" ఆ వేసవంతా ఒరేయ్, ఒరేయ్. రెండు నెలలు తిరక్కుండా లైసెన్సు వచ్చింది. దాని మీద ఫొటోలో ఉన్న కుర్రాడు ఇప్పటికీ లోకంలో తనకు తెలియనిది లేదన్నట్టే చూస్తుంటాడు. వాడంటే నాకు జాలి, ఇష్టం కూడా.

మామగారు పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నన్ను అందరూ గారూ, అండీ అనే పిలుస్తారు. ఈ మధ్య కొన్న కారుకు క్లచ్చే లేదు. అయినా రోడ్డు పక్కన ట్రాక్టరు కనబడితే చాలు, నా ఎడమ కాలు దానంతటదే కదులుతుంది. ఒకసారి ఎడమ పక్క సీటు వైపు చూస్తాను.