కడిగితే పోని పసుపు

కోవిడ్ హడావిడి సద్దుమణిగిన ఏడాది. తెనాలిలో ఒక పిల్లల ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. దుగ్గిరాల నుంచి ఒకావిడ మనవణ్ణి టవల్లో చుట్టుకుని ఆటో దిగింది. వెనకాలే బాలింత కూతురు. వారం కూడా నిండని పసివాడు పొద్దుటి నుంచి పాలు తాగడం లేదట.

"ఒళ్లు ఇంత పచ్చబడేదాకా ఏం చేస్తున్నారండీ?" అని గయ్యిమన్నాను. నా నోరు అలాంటిది.

"పసుపు యార్డులో పనమ్మా నాది. నా చేతులదే అంటిందనుకున్నా." అరచేతులు చూపించింది. గీతల నిండా పసుపే.

తడి దూదితో బిడ్డ ఛాతీ తుడిచాను. దూదికి పసుపు అంటింది, కానీ ఒంటి రంగు మారలేదు. వేలితో నొక్కి తీశాను. ఆ చోటూ పచ్చనే. కనురెప్ప ఎత్తితే తెల్లగుడ్డూ అంతే. డాక్టరుగారిని పిలుచుకొచ్చాను.

డాక్టరుగారు కేస్ షీట్ మీద 'ఐక్టెరిక్' అని రాశారు. కామెర్లు కమ్మిన ఒళ్లని అర్థం. రక్తంలో బిలిరుబిన్ అనే పచ్చ పదార్థం పెరిగిపోయింది, మెదడుకెక్కితే ప్రమాదం. వెంటనే ఫోటోథెరపీ, అంటే నీలం లైటు కింద పడుకోబెట్టాలి. "సాయంత్రానికి తగ్గకపోతే గుంటూరు పంపి రక్తం మార్చాల్సిందే" అన్నారు.

ఆవిడ హడలిపోయి బిడ్డ కోసం చేతులు చాచింది. "మా ఊళ్లో పసరు పోస్తారండీ. తీసుకుపోతాను."

డాక్టరుగారు కోప్పడలేదు. "నేను రాసిన మాట గ్రీకులదమ్మా. వాళ్ల భాషలో కామెర్లకీ, ఒక పసుపుపచ్చ పిట్టకీ ఒకటే పేరు. రోగి ఆ పిట్టను చూస్తే జబ్బు దానికి పోయి మనిషి బతుకుతాడని నమ్మేవాళ్లు. పాపం, వాళ్లకీ ఆశే."

"ఆ పిట్ట ఎక్కడ దొరుకుద్దండీ?"

ఎవరమూ నవ్వలేదు. "దొరకదు పిన్నీ. మనకి ఈ లైటే ఉంది" అన్నాను. చాచిన చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంది.

బిడ్డ కళ్లకు గంతలు కట్టి లైటు కింద పెట్టాం. రెండో రిపోర్టు వచ్చేదాకా నా ప్రాణం నా దగ్గర లేదు. తగ్గింది! కాసేపటికి వాడు ఆకలితో కేర్‌మన్నాడు. ఆ ఏడుపు విని కూతురూ ఏడ్చేసింది.

అప్పటి నుంచి నేను ముందు తుడిచి చూస్తాను, తర్వాతే ఎవరినైనా కోప్పడతాను.

ఇంటికి పంపే రోజు మనవణ్ణి ఎత్తుకోమంటే ఆవిడ జంకింది. కుళాయి దగ్గర తోమి తోమి చేతులు ఎర్రబడ్డాయి. గీతల్లో పసుపు ఇంకా ఉంది.

"మళ్లీ అంటుద్దేమో సిస్టరమ్మా."

"అంటనీ పిన్నీ. ఇది కడిగితే పోతుంది" అని బిడ్డను ఆ చేతుల్లో పెట్టాను.