సారు బూటు మడమ

ఆయన మొహంకన్నా నాకు ఆయన బూటు మడమే బాగా గుర్తు. మర్కూక్ దగ్గర పడవ షికారు కోసం మట్టికట్ట పోయించి, చిన్న చెరువు తయారుచేయించిన సారు ఆయన. కట్ట గట్టిదేనా అని ఎవరడిగినా మడమతో రెండుసార్లు దాన్ని తన్ని, "ఏం గాదు" అనేవాడు. ఆయనకు తెలిసిన ఇంజినీరింగంతా ఆ మడమలోనే ఉండేది.

చెరువు నిండుగా ఉంటేనే ఫొటోలు బాగుంటాయని, ఎక్కువైన నీళ్లు బయటికి పోయే మత్తడికి అడ్డంగా గోడ కట్టించి, దానిమీద పెద్ద లవ్ సింబల్ వేయించాడు.

ఒకసారి మూడు రోజులు ముసురు పట్టింది. మా చిన్నబాపు పొలం ఆ కట్ట కిందే. ఊరి చెరువుకు ఏళ్లతరబడి నీరటిగా కావలి కాసిన మనిషి. కట్ట అడుగున ఊరుతున్న నీళ్లను ఎవరో పారేసిన సీసాలో పట్టి, నన్ను వెంటబెట్టుకుని సారు దగ్గరికి వెళ్లాడు.

"తేట నీళ్లు ఊరితె నేనొచ్చేటోన్ని కాదు సారూ. గివి ఎర్రగున్నయి. కట్ట లోపలి మన్ను కొట్టుకపోతున్నది. మత్తడి గోడ తీపియ్యున్రి."

సారు సీసా వైపు చూడనైనా లేదు. కట్టను మడమతో రెండుసార్లు తన్ని, "ఏం గాదు. ఆదివారం బుకింగులున్నయి" అన్నాడు. ఆ వెంటనే డ్రైవర్‌ను పిలిచి, కట్ట కిందున్న కారును పైన రోడ్డు మీద పెట్టమన్నాడు.

ఆ రాత్రే గోడను చిన్నబాపూ నేనూ గడ్డపారలతో పగలగొట్టాం. నీళ్లు దిగాయి, కట్ట నిలిచింది.

ఆదివారం షికారుకు వచ్చినవాళ్ల ముందు సారు మళ్లీ మడమతో తన్ని చూపించాడు. "చూసిన్రా, ఏమన్న అయిందా?"

కారు మాత్రం అప్పటికీ రోడ్డు మీదే ఉంది.