పైడమ్మత్త ముంజేయి

నీలగిరి తైలం సీసా మూత తీయగానే ఆ ఘాటుకు నా ఎడమ ముంజేయి బిగుసుకుంది. చెల్లెలి పెళ్లికి గోరింటాకు ముద్ద నేనే కలుపుతున్నాను. కాగితం మీద వరుసగా రాసుకున్నాను: మూడుసార్లు జల్లించిన ఆకుపొడి, నిమ్మరసం, చక్కెర, తైలం. నాలుగే. ఐదోది కలిపితే ఏమవుతుందో చూసినవాణ్ణి.

బచేలి రైల్వే క్వార్టర్లలో మా పక్కింటి పైడమ్మత్తది విజయనగరం వైపు. కాలనీలో ఏ పెళ్లికూతురికైనా ఆవిడే గోరింటాకు పెట్టేది. ముద్ద కలిపిన ప్రతిసారీ ముందు తన ముంజేతి మీద రూపాయి బిళ్లంత పెట్టుకొని రెండు రోజులు ఆగేది. నేనప్పుడు డిప్లొమా రెండో ఏడు, సెలవులకు వచ్చాను.

"ఎప్పుడూ వాడే ఆకే కదత్తా, మళ్లీ పరీక్షెందుకు?"

"నువ్వు నిరుడు పాసైనావు గదా, మల్లీ పరీచ్చలెందుకు రాస్తన్నావేటి?"

ఆవిడ నిమ్మకాయలకు వెళ్లిన సమయంలో, జుట్టుకు వేసే నల్లరంగు పొట్లమొకటి ముద్దలో కలిపేశాను. రంగు ముదురుగా పండితే అందరూ మెచ్చుకుంటారు, అప్పుడు చెబుదామనుకున్నాను. అత్త వచ్చి నిమ్మరసం పిండి, ఎప్పటిలాగే ముంజేతి మీద బిళ్లంత పెట్టుకుంది.

రెండోనాడు పొద్దున్నే పెళ్లికూతురూ తల్లీ గోరింటాకు కోసం వచ్చి వాకిట్లో కూర్చున్నారు. అత్త కొంగు తొలగించి ముంజేయి చూపింది. బిళ్ల పెట్టిన చోట పొక్కులు ఉబ్బి నీరు కారుతున్నాయి. చేయి మోచేతి దాకా వాచింది. ఆ పక్కనే, కడుక్కొని ఒళ్లో పెట్టుకున్న ఆ అమ్మాయి రెండు అరచేతులు. బిళ్లంత చోటుకే ఇంత. అక్కణ్ణుంచి చూపు తిప్పుకోలేకపోయాను.

"ముద్ద పాడైపోనాదమ్మా. పెళ్లికింకా నాలుగు రోజులుంది గదా, కొత్తది కలిపేత్తాను," అని వాళ్లను పంపేసింది. తర్వాత నావైపు తిరిగింది.

"ఏటి కలిపినావు?"

చెప్పాను.

"ఆ పొట్లం అట్టుకొని ఆసుపత్రికి నడు. డాక్టరు బాబుకి నువ్వే సెప్పాల."

"తిట్టవేంటత్తా?"

"సెయ్యి మండిపోతంది. తిట్లు తరవాత. నడు ముందు."

ఆ సాయంత్రం కట్టుతో కూర్చొని కొత్త ముద్ద నా చేత కలిపించింది. పరీక్షకు రెండో చేయి చాపింది. నేను నా చేయి ముందుకు పెట్టాను. నా ముఖంలోకి ఒకసారి చూసి, బిళ్లంత ముద్ద అద్దింది. ఆ రెండు రోజులూ గంటగంటకూ నా చేయి చూసుకున్నాను. ఏమీ కాలేదు. పెళ్లికూతురి చేతులు ఎర్రగా పండాయి. అత్త ముంజేతి మీద నల్లమచ్చ మాత్రం చివరిదాకా పోలేదు.

"ఇంకా ఎంతసేపన్నయ్యా?" చెల్లెలు అరచేతులు చాపింది.

నా ముంజేతి మీద అప్పుడే అద్దుకున్న బిళ్ల చూపించాను.

"ఎల్లుండి."