సీతాకోకచిలుకలు పక్కవాడి తోటలోనే

మా పెద్ద మావయ్య పోయాడని ఊరి నుంచి అత్త ఫోను చేస్తే, ఏడుపు కంటే ముందు నా నోట్లోంచి వచ్చిన మాట "ఎవరు చెప్పారు? నువ్వు చూశావా?" అని.

"నా కల్లముందరే పోయినాడే గుంటా" అని అత్త భోరుమంది. ఎవరైనా పోయారంటే మావయ్య అడిగే మొదటి ప్రశ్న అదే. ఆయన దగ్గర నేర్చుకున్నది ఆయన చావుకే వాడాల్సి వచ్చింది.

మావయ్య కంటే ముందు ఆయన అనుమానం పుట్టిందని మా అమ్మ అనేది. కొబ్బరికాయల బేరగాడు అడక్కుండానే ధర పెంచితే, ఎందుకు పెంచాడో తేలేదాకా కాయ దించనిచ్చేవాడు కాదు. కిడ్నీ జబ్బు వచ్చాక ఆస్పత్రిలో రక్తం తీస్తే, "ఇది ఎక్కడికెల్తాది?" అంటూ ఆ సీసా వెనకాలే నడిచాడు. "నవ్వుకుంటూ వచ్చినోడికి మంచినీల్లియ్యి, పేరు మాత్రం సెప్పకు" అని నాకు చిన్నప్పుడే బోధించాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, టెక్కలిలో పాఠాలు చెప్పే ఒక లెక్చరరమ్మ నేను పనిచేసే పలాస బడికి వచ్చింది. చలికాలం రాగానే సీతాకోకచిలుకలు కొండల వైపు నుంచి గుంపులుగా సముద్రం దిక్కుకు దిగుతాయట. ఎక్కడ ఆగి ఆ చలి గడుపుతాయో సరిగ్గా తెలియదట. ఉద్దానం ప్రాంతమంతా తిరగడం ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు, తోటలున్న వాళ్ళే చూసి చెప్పాలి అంది. ఎక్కడ చూశారు, ఎవరి తోటలో, సుమారుగా ఎన్ని అని అచ్చువేసిన కార్డులు ఇచ్చింది. వాటిని మా ఊరు పట్టుకెళ్ళాను.

"ఎవరి తోటలో" అన్నదే కొంప ముంచింది. అసలే భూములు పోతాయని పుకార్లు. "సీతాకోకసిలకలున్నాయని రాత్తే అడివోల్లు బోర్డు పాతేత్తారు. ఇంక కొమ్మ కొట్టుకోనివ్వరు" అని మావయ్య తేల్చేశాడు. అయినా నా మొహం చూసి అందరూ కార్డులు నింపారు. ఒక్కొక్కరూ పక్కవాడి తోట పేరు రాశారు. ఆ పక్కవాడు అవతలి వాడిది. మావయ్య అందరినీ మించిపోయి సుమ్మాదేవి స్టేషన్ అని రాయించాడు.

"రైలోల జాగా కదేటి! గవర్మెంటుది గవర్మెంటు తీసుకుంటే మనకేటి?" అన్నాడు.

లెక్చరరమ్మ పాపం స్టేషన్‌కు వెళ్ళి, పట్టాల పక్కన పొదలన్నీ వెతుక్కుని వచ్చింది. మా ఊరి తోటలు చూద్దామంటే ఒక్కరూ తడక తియ్యలేదు. చివరికి, మీ ఊళ్ళో ఆగడం లేదనీ, అవతల కంచిలి ఊరి తోటల్లో ఆగుతున్నాయనీ రాసుకుంటానంది.

ఆ మాట మావయ్య చెవిన వేశాను. ఆయన మొహం మాడిపోయింది.

"కంచిలోల తోటల్లో ఉన్నాయా? మన కాడ నేవా? ఎవులు సెప్పినారు?"

భూమి పోతుందన్న భయం ఒకవైపు, కంచిలికి పేరొచ్చిందన్న మంట ఒకవైపు. అన్నం ముందు కూర్చుని కూడా గొణుక్కుంటున్నాడని అత్త నవ్వింది. ఆఖరికి తనే టెక్కలి బస్సెక్కి లెక్చరరమ్మను వెంటబెట్టుకొచ్చాడు. నన్నూ రమ్మన్నాడు, సాక్ష్యానికి. తీరా తోట దగ్గరికొచ్చాక తడకకు అడ్డంగా నిలబడ్డాడు.

"రావివలస ఎండల మల్లన్న మీద ఒట్టెయ్యమ్మా, నా తోట ఎవులూ తీసుకోరని."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "గవర్నమెంటు తరఫున నేనెలా ఒట్టెయ్యను బాబాయ్ గారూ? మీ తోట ఫలానా అని నా నోటితో ఎవరికీ చెప్పను. దానికైతే వేస్తాను."

ఇంక అయిపోయింది, వెనక్కి పంపేస్తాడనుకున్నాను. మావయ్య తడక తీశాడు. నా పక్కకొచ్చి గొంతు తగ్గించి, "అన్నిటికీ ఒట్టేసీసుంటే అక్కడినుంచి అక్కడికే పంపీసీవోన్ని" అన్నాడు.

లోపల, కోయకుండా వదిలేసిన జనుము నిలువునా ఎండిపోయి ఉంది. దాని మీదా, పక్కన జీడికొమ్మల నీడలోనూ సీతాకోకచిలుకలు రెక్కలు ముడుచుకుని వేలాడుతున్నాయి. ఒకటి కదిలితే పదీ కదిలాయి. నల్ల రెక్కల మీద నీలి చుక్కలు. లెక్చరరమ్మ నోరు తెరుచుకుని నిలబడిపోయింది. మావయ్య మాత్రం వాటిని చూడలేదు. ఆవిడ చేతులకేసి చూస్తూ నిలబడ్డాడు.

ఆవిడ మాట నిలబెట్టుకుంది. ఆ తర్వాత ప్రతి చలికాలం మావయ్యే నన్ను పిలిపించి, ఎన్ని వచ్చాయో చెప్పి కార్డు రాయించేవాడు. జాగా పేరు దగ్గర మాత్రం "సముద్రం దిక్కు" అనే. ఆయనతో విసిగిపోయిన రోజులు చాలా ఉన్నాయి. అయినా విన్నదాన్ని చూసి గానీ నమ్మకూడదని ఆయన పెట్టిన బుద్ధే నన్ను చాలాసార్లు కాపాడింది. ఆ రుణం తీరేది కాదు.

పెద్దకర్మ అయిన మర్నాడు అత్తా నేనూ తోటకు వెళ్ళాం. చలికాలమే కదా, వచ్చి ఉన్నాయి. అత్త తడక దగ్గరే ఆగి కళ్ళు తుడుచుకుంటోంది. మొగుడి అనుమానాలకు జీవితమంతా నవ్విన మనిషి ఆవిడ.

రోడ్డు మీద ఎవరో స్కూటర్ ఆపాడు. భుజాన సంచీ, మొహం నిండా నవ్వు. "ఏటమ్మా, లోపల ఏటో ఎగురుతున్నట్టున్నాయి?"

అత్త అతన్ని కిందనుంచి పైదాకా చూసింది.

"ఏటీ నేవు బాబూ. ఎండాకులు" అని తడక లాగి మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది. ఆవిడ తల వెనక జీడికొమ్మ మీదికి ఎండ పాకుతోంది. ఆ ఎండాకులు ఒక్కొక్కటే రెక్కలు విప్పుతున్నాయి.